పాత ఓమ్నీకి తుప్పు పట్టకుండా కోటింగ్: విజయవాడ ఆటోనగర్‌లో చేయించిన పని ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తా, పని బావుంది, టైముకి ఇవ్వడం మాత్రం ఆ షాపు వాళ్ళ ఇంటా వంటా లేదు. ఐదుకి నాలుగు ఇస్తా. పాత బండికి అండర్ కోటింగ్, అంటే కింది రేకు తుప్పు పట్టకుండా కొట్టే పూత, చేయించాలనుకునేవాళ్ళు ఆ నాలుగు దేనికిచ్చానో చూసుకోండి చాలు, ఎందుకంటే నల్లరంగు ఎవడైనా కొడతాడు, కొట్టే ముందు ఏం చేశాడన్నదే అసలు పని.

బండి 2011 మోడల్ మారుతి ఓమ్నీ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. 2019లో కంపెనీ ఓమ్నీ తయారీయే ఆపేసింది కాబట్టి ఇది పోతే ఇంకోటి కొనుక్కుందాం అనడానికి లేదు, ఉన్నదాన్నే కాపాడుకోవాలి. 796 సీసీ ఇంజన్, వన్ టౌన్ సందుల్లో కూడా దూరిపోద్ది, వెనక సీటు తీసేస్తే సగం ఇల్లు పట్టుద్ది, ఇంట్లో పెళ్ళయినా పేరంటమైనా సామాన్లన్నీ దీంట్లోనే. 15 ఏళ్ళు నిండుతున్నాయి, ఆర్సీ రెన్యూవల్ చేయిస్తే ఇంకో ఐదేళ్ళు వచ్చుద్ది, దానికి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి నిలబెట్టాలి, కింద ఫ్లోర్‌కి బొక్కలుంటే ఎలా ఒప్పుకుంటాడు చెప్పండి, అందుకే ఇప్పుడీ పని పెట్టుకున్నా.

మంచు దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, మంచు గడ్డకట్టకుండా. మా మేనల్లుడు టొరంటోలో ఉంటాడు, అక్కడ పాత వ్యాన్ల కింద భాగాలు చూపించాడు వీడియో కాల్‌లో, జల్లెడే. విజయవాడలో మంచెక్కడిది ఉప్పెక్కడిది అని నవ్వకండి, మా బండి తిన్న ఉప్పు తక్కువేం కాదు. మా అత్తగారిది బందరు. వెళ్ళినప్పుడల్లా గిలకలదిండి నుంచి చేపలో రొయ్యలో ఐస్ వేసి థర్మాకోల్ డబ్బాల్లో పెట్టి పంపిస్తారు, ఉయ్యూరు దాటేసరికి డబ్బా మూల నుంచి కారడం మొదలవుద్ది, ఆ నీళ్ళు మ్యాట్ కిందకి పోయి ఫ్లోర్ గాడుల్లో నిలబడతాయి. పైన ఎంత కడిగినా మ్యాట్ కింద ఎవడు చూశాడు. ఎండుచేపల మూటలైతే ఇక చెప్పక్కర్లేదు, వాసన పోవడానికి వారం, ఉప్పు మాత్రం అక్కడే.

ఉప్పు దానంతట అది ఇనుము తినేదేం లేదండి, ఇనుముకి నీళ్ళూ గాలీ తగిలితే తుప్పు పట్టుద్ది, ఉప్పు కలిసిన నీళ్ళయితే కరెంటు బాగా పారుద్ది కాబట్టి ఆ పని చాలా జోరుగా జరుగుద్ది. ఇంకో గొడవేంటంటే గాల్లో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు ఆ తేమ లాక్కుని తనే నీరైపోద్ది, అంటే వాన పడకపోయినా, బండి కడగకపోయినా, ఉప్పున్న చోట రేకు తడిగానే ఉంటది. బందరులో పొద్దున పూట తేమ అంతకంటే ఎక్కువే ఉంటది. చలి దేశంలో ఏడాదికి కొన్ని నెలలే ఉప్పు, చలికి తుప్పు కూడా నెమ్మదిస్తది. మనకి వేడీ తేమా రెండూ కలిసే వస్తాయి.

దీనికి తోడు మాది సింగ్ నగర్. 2024 సెప్టెంబర్లో బుడమేరు వరద వచ్చినప్పుడు బండి నీళ్ళలోనే ఉంది, ఎక్కడికి తీస్తాం, మనుషులే మేడలెక్కి కూర్చున్నారు. తర్వాత ఇంజన్ పని, సీట్లు, వైరింగ్ అన్నీ చేయించాం, బాడీ సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలా, పైకి పెయింటు బానే ఉంది కదా అని. డోర్ల కింద, రన్నింగ్ బోర్డు లోపలి గొట్టాల్లో ఆ బురద అలాగే ఉండిపోయింది, ఈ సంగతి ఆటోనగర్‌లో విప్పినప్పుడు బయటపడింది.

మొదట బెంజ్ సర్కిల్ వైపు ఒక ఏసీ డీటెయిలింగ్ సెంటర్‌లో అడిగా, పేరెందుకు లెండి. కాఫీ ఇచ్చారు, ట్యాబ్‌లో వీడియో చూపించారు, రబ్బర్ కోటింగ్, మూడు గంటల్లో డెలివరీ, 4,500 అన్నారు. లోపల తుప్పుంది కదండీ దాన్నేం చేస్తారంటే, ప్రెజర్ వాష్ చేసి కొట్టేస్తాం సార్, కోటింగ్ పడ్డాక గాలి తగలదు తుప్పు ఆగిపోద్ది అన్నాడు. వారంటీ కార్డు మీద చిన్న అక్షరాల్లో పాత బండ్లకి వర్తించదని ఉంది. కొత్త బండికైతే ఆ కోటింగ్ మంచిదే, నేను కాదనను, రేకు శుభ్రంగా ఉంటది కాబట్టి పట్టుకుంటది, రాళ్ళ దెబ్బ ఆపుద్ది, చప్పుడు తగ్గుద్ది. తుప్పు మీద కొడితే మాత్రం అది పట్టుకునేది రేకుని కాదు తుప్పుని, ఆ తుప్పు ఏదో రోజు ఊడుద్ది, మధ్యలో సందు పడుద్ది, సందులోకి నీళ్ళు పోతాయి, పోయిన నీళ్ళు ఎండవు.

ఇది పుస్తకాల్లో మాట కాదండి, మా బండి కిందే ఉంది సాక్ష్యం. అమ్మినాయన అండర్ కోటింగ్ చేయించిన బండి సార్ అని గొప్పగా చెప్పి అమ్మాడు, నిజమే, కింద నున్నగా నల్లగా ఉండేది. ఆటోనగర్‌లో మేస్త్రి ర్యాంపు ఎక్కించి, వెనక ఎడమ చక్రం పైన ఆ నల్ల పొర అంచు దగ్గర స్క్రూడ్రైవర్ దూర్చి ఇలా లేపాడు, పెనం మీద అట్టు లేచినట్టు చెయ్యంత ముక్క ఒకేసారి లేచి వచ్చింది. దాని వెనక తడి. వాన లేదు, బండి కడిగి వారం దాటింది, అయినా తడి. రేకు పొరలు పొరలుగా ఎర్రటి పొడై రాలింది, వేలుతో నొక్కితే లోపలికి పోయింది. పైన పటారం లోన లొటారం అంటారే, అదే.

షాపు సంగతికొస్తా. జవహర్ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే లైన్ల వెనక, బోర్డు కూడా సరిగ్గా కనపడని షెడ్డు. మేస్త్రి పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్ళు. ఆయనకి అసలు లారీల పని, కార్లు తెలిసినవాళ్ళు పంపిస్తేనే చేస్తాడు. కాఫీలు ట్యాబులు లేవు, కూర్చోడానికి పాత బస్సు సీటొకటి ఉంది. ధర కూడా బండి చూడకుండా చెప్పలా. ముందు ఒక అయస్కాంతం ముక్క తీసి బండి చుట్టూ తిరిగాడు, డోర్ కింద అంచుల్లో, చక్రాల పైన, రన్నింగ్ బోర్డు మీద పెట్టి చూశాడు, రేకున్న చోట టక్కున అంటుకుంటది, లప్పం, అంటే గుంటలు పూడ్చే పుట్టీ, మందంగా ఉన్న చోట జారిపోద్ది. స్లైడింగ్ డోర్ కింద మొత్తం జారిపోయింది. "ఇక్కడ రేకు లేదు బాబూ, లప్పానికి పెయింటేశారు" అన్నాడు. పాత వ్యాన్ కొనేవాళ్ళు జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్ళండి, మెకానిక్‌కి ఇచ్చే ఐదొందలు మిగులుతాయి.

తర్వాత మ్యాట్లన్నీ పీకించాడు, సీట్లు విప్పించాడు. ఓమ్నీకి ఇంజన్ ముందు సీట్ల కిందే కాబట్టి ఆ వేడికి అక్కడ పైన పొడిగానే ఉంటది, దాని పక్కన కాళ్ళు పెట్టుకునే చోటే పోయేది, మా దాంట్లో డ్రైవర్ వైపు క్లచ్ కింద రూపాయి బిళ్ళంత బొక్క, పక్క సీటు వైపు అంతకంటే పెద్దది. స్లైడింగ్ డోర్ రోలర్ నడిచే కింద గాడిలో మట్టి గట్టిపడి ఉంది, దాని కింద ఉప్పు తెల్లగా పేరుకుని కనపడింది, నేనే గోటితో గీకి చూశా.

అసలు పని కడగడం దగ్గర మొదలవుద్ది. ఇక్కడ ఆయన చెప్పిన మాటొకటి నాకు బాగా నచ్చింది. వాటర్ సర్వీసింగ్ సెంటర్లు చాలా వరకు బోరు నీళ్ళే వాడతాయి, మన వైపు బోర్లు కొన్నిచోట్ల ఉప్పగా ఉంటాయి, ఉప్పు పోగొట్టడానికి ఉప్పు నీళ్ళతో కడిగితే ఏం లాభం. బోరు నీళ్ళతో ప్రెజర్ కొట్టాక చివర్లో మున్సిపల్ నీళ్ళు డ్రమ్ముతో తెచ్చి, మామూలు పైపు పెట్టి కింద గొట్టాల్లో, డోర్ల లోపల, గాడుల్లో చాలాసేపు పారనిచ్చారు, బుడమేరు మట్టి బూడిద రంగులో వచ్చి వచ్చి చివరికి నీళ్ళు తేటబడ్డాయి. డోర్ల కింద నీళ్ళు పోవడానికి కంపెనీ వాళ్ళే చిన్న బొక్కలు ఇస్తారు, అన్నీ మూసుకుపోయి ఉన్నాయి, కుర్రాడు సైకిల్ చువ్వ పెట్టి ఒక్కోటీ పొడిచాడు. ఈ ఒక్క పని ఇంట్లో మనమే చేసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు, డోర్లు కుళ్ళేది ముఖ్యంగా ఇది మూసుకుపోయే.

కడిగాక ఎండలో వదిలేశారు. మార్చి ఎండ, సరిపోయింది. ఈ పని వానాకాలంలో చేస్తానంటే ఒప్పుకోకండి, తడి మీద ఏది కొట్టినా దండగే, ఎండలు ముదిరిన రోజుల్లో చేయించుకుని జూన్ వానలకి రెడీగా ఉండాలి.

పాత నల్ల పొర మొత్తం గీకేయడానికే ఎక్కువ టైము పట్టింది. గట్టిగా ఉన్న చోట వదిలేయొచ్చుగా బాబాయ్ అంటే, అంచుల దాకా తట్టి చూసి నిజంగానే పట్టుకుని ఉన్న చోట వదిలాడు, మిగతాదంతా స్క్రేపర్, తర్వాత గ్రైండర్‌కి వైర్ బ్రష్. బొక్కలు పడిన చోట కుళ్ళిన రేకు కోసేసి కొత్త షీటు ముక్క సీఓటూ వెల్డింగ్ చేశారు, గ్యాస్ వెల్డింగ్ అయితే వేడెక్కువై చుట్టూ ఉన్న పల్చటి రేకు వంకర పోద్దని చెప్పాడు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైరు తీశారు, పెట్రోల్ పైపుల దగ్గర తడి గోనె కప్పారు, ఇవి అడక్కుండానే చేశారని రాస్తున్నా, ఎందుకంటే అడిగినా చేయని షాపులు చూశా.

చిన్న చిన్న తుప్పు మిగిలిన చోట్ల రస్ట్ కన్వర్టర్ పూశారు. ఇది ఫాస్ఫారిక్ యాసిడ్‌తోనో టానిక్ యాసిడ్‌తోనో చేస్తారు, మిగిలిన తుప్పుతో కలిసి దాన్ని గట్టి పొరగా మార్చుద్ది, టానిక్ రకమైతే నల్లగా తిరుగుద్ది, కళ్ళ ముందే ఎరుపు పోయి నలుపొస్తుంటే చూడ్డానికి భలే ఉంది. ఆన్‌లైన్‌లో ఇది మంత్రజలం లాగా అమ్ముతున్నారు, తుప్పు మీద పూసేయండి ఇంకేం చేయక్కర్లేదని, అదంతా ఒట్టిది, పొరలుగా లేచిన తుప్పు మీద పూస్తే పైపైనే మారుద్ది, అడుగున ఉన్నది తన పని తను చేసుకుపోద్ది. గీకాక మిగిలిన మరకలకి మాత్రమే. దాని మీద ప్రైమర్, అంటే పై పూత పట్టుకోడానికి ముందేసే రంగు. మామూలుగా రెడాక్సైడ్ కొడతారు, నేను జింక్ ప్రైమర్ అడిగా, వెయ్యి రూపాయలు ఎక్కువైంది, జింక్ ఉంటే గీత పడినా ముందు జింక్ కరుగుద్ది ఇనుము మిగులుద్ది, జింకు పూత రేకులు అంత కాలం ఉండేది అందుకే. కాకపోతే ఇది శుభ్రమైన ఇనుముకి నేరుగా తగిలితేనే పనిచేస్తది కాబట్టి కొత్త షీటు వేసిన చోటే ఇది కొట్టి మిగతా చోట మామూలు ప్రైమర్ సరిపెట్టాడు, నా డబ్బులు మిగిల్చాడు ఒక రకంగా. అతుకుల మీద సీలెంట్.

ఇక కోటింగ్. రబ్బర్ నలుపు చక్రాల పైన, రాళ్ళు కొట్టే చోట మాత్రమే వేశాడు, మిగతా కింద భాగమంతా మైనం రకం, అంటే ఆరినా గట్టిపడకుండా కొంచెం జిగటగా ఉండేది. గట్టిపడేది పగులుద్ది, ఇది పగలదు, గీత పడితే కొంచెం కొంచెం పాకి మూసుకుంటది. డోర్ల లోపల, రన్నింగ్ బోర్డు గొట్టాల్లో పొడుగాటి సన్న పైపు దూర్చి చుట్టూ చిమ్మే నాజిల్‌తో కొట్టారు, కాసేపటికి కింద బొక్కల్లోంచి బొట్లు బొట్లుగా బయటికొచ్చింది, అలా వస్తేనే లోపలంతా తడిసిందని లెక్కంట. ఏసీ సెంటర్‌లో ఈ లోపలి గొట్టాల మాటే ఎత్తలా, కింద నుంచి కనపడే భాగమే కోటింగ్ అనుకుంటారు. బాడీ తుప్పు లోపల్నుంచి బయటికి వచ్చుద్ది, పెయింటు మీద బుడగ కనపడిందంటే లోపల అప్పటికే అయిపోయినట్టు.

కొట్టకూడని చోట్లు టేపు వేసి కవర్లు కట్టారు: బ్రేక్ డిస్కులు, వెనక డ్రమ్ములు, రబ్బరు బుష్‌లు. చాసిస్ నంబర్ మీద కూడా టేపు వేయించుకున్నా, ఇది గుర్తుపెట్టుకోండి, రెన్యూవల్ అప్పుడు పెన్సిల్ రుద్ది ఆ నంబర్ ప్రింటు తీస్తారు, నల్ల పొర కింద పడిందంటే మళ్ళీ గీక్కోవాలి, గీకడంలో అంకె చెరిగిందంటే అదో పెద్ద తలనొప్పి. మా నంబర్ చుట్టూ గీకి శుభ్రం చేసి పల్చగా గ్రీజు పూశాడు, తుడిస్తే పోద్ది.

ఖర్చు మొత్తం 13,800 అయింది. కోటింగూ శుభ్రం చేయడమూ కలిపి 6,500, ప్రైమర్ తేడా 1,000, మిగతాది టింకరింగూ (రేకు కోసి అతికే పని) స్లైడింగ్ డోర్ కింద కొత్త రేకూ. ఏసీ సెంటర్ 4,500కి ఇది మూడింతలు, నిజమే, కానీ అక్కడ బొక్కలు మూయరు, నల్లరంగుతో దాచిపెడతారు అంతే.

ఇప్పుడు ఆ పోయిన ఒక్క మార్కు. శుక్రవారం ఇస్తానన్నది ఆ మంగళవారం వచ్చింది, మధ్యలో ఫోన్ చేస్తే "అయిపోయింది బాబూ, ఆరుతా ఉంది" అనేవాడు, వెళ్ళి చూస్తే అప్పటికి కోటింగే మొదలుపెట్టలా, మధ్యలో ఎవరిదో లారీ వచ్చిందని మన బండి పక్కన పెట్టారు. బిల్లు కాగితం మీద చేత్తో రాసిచ్చాడు, జీఎస్టీ అంటే నవ్వాడు. సైలెన్సర్ మీద కొంచెం పడింది, రెండు మూడు రోజులు బండి ఆపినప్పుడల్లా కాలిన వాసన, సన్నగా పొగ, తెలియనివాళ్ళు చూస్తే బండి అంటుకుందనుకుంటారు. లోపల మైనం వాసన ఇంకా ఉంది, మా ఆవిడ ఎండుచేపల వాసనే నయం అంటోంది. ఇంకా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో టైల్స్ మీద గోధుమ రంగు బొట్లు పడితే వాచ్‌మన్ ప్రెసిడెంట్‌కి చెప్పి పెద్ద పంచాయితీ పెట్టాడు, మీరు చేయిస్తే మొదటి వారం అట్టపెట్టెలు కోసి కింద పరుచుకోండి. డోర్ లోపల ఒక రబ్బరు బిరడా మళ్ళీ పెట్టడం మర్చిపోయారు, వెళ్ళి అడిగితే మారు మాట్లాడకుండా పెట్టిచ్చారు.

అడిగేవాళ్ళ కోసం ఇంకో రెండు ముక్కలు. సర్వీసింగ్ సెంటర్‌లో నీళ్ళు కొట్టాక వంద రూపాయలకి డీజిల్ కలిపిన కాలిన ఆయిల్ కింద చిమ్ముతారు కదా, లేనిదాని కంటే మేలేమో గానీ డీజిల్ నాలుగు రోజుల్లో పోద్ది, మిగిలిన నూనె రబ్బరు బుష్‌లని ఉబ్బించుద్ది, పైగా వాడేసిన ఆయిల్లో ఇంజన్ యాసిడ్లన్నీ ఉంటాయి, వాన పడితే అదంతా కాలవలోకే. మా మేనల్లుడు వాళ్ళ ఊళ్ళో క్రౌన్ అని ఒక రకం పల్చటి ఆయిల్ ప్రతి ఏడాదీ చలికాలం ముందు కొట్టిస్తారంట, డోర్లకి బొక్క వేసి మరీ లోపలికి చిమ్మి బిరడా పెడతారంట, అదీ ఇదీ ఒకటే సూత్రం, గట్టిపడకుండా పాకేది, ఏటేటా మళ్ళీ కొట్టించుకునేది. ఇక బ్యాటరీకి తగిలించే ఎలక్ట్రానిక్ తుప్పు నిరోధక డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కొనకండి, కరెంటు పంపి తుప్పు ఆపే ఆ పద్ధతి ఓడలకీ భూమిలో పైపులకీ పనిచేసేది చుట్టూ సముద్రమో తడి మట్టో ఉండి కరెంటు తిరిగి రావడానికి దారి ఉంటది కాబట్టి, గాల్లో నాలుగు టైర్ల మీద నిలబడ్డ వ్యాన్‌కి ఆ దారెక్కడిది.

ఏడాదికోసారి తీసుకొస్తే కింద చూసి, రాళ్ళకి లేచిన చోట మళ్ళీ కొట్టి, గొట్టాల్లో మైనం రెండో చెయ్యి వేస్తానన్నాడు, 1,500 అవుద్దన్నాడు. ఉగాది దాటాక లారీల పని కొంచెం తగ్గినప్పుడు రమ్మన్నాడు, అప్పుడైతే చెప్పిన రోజుకి ఇస్తాడంట, చూద్దాం. మీరెళ్తే అడ్వాన్సు సగమే ఇవ్వండి, కోటింగ్ కొట్టే ముందు ఒకసారి ఫోన్ చెయ్యమని చెప్పి, గీకిన రేకుని కళ్ళతో చూశాకే నల్లరంగుకి ఓకే అనండి.